ఒక కొక్కెం, రెండు అంచులు

ఓబుళప్ప కుళ్ళాయమ్మ పాదం మీద బొటనవేలు ఆనించి నొక్కాడు. వేలు తీశాడు. గుంట పడింది. అది పూడేదాకా మనసులో అంకెలు లెక్కబెట్టాడు. పోయిన సోమవారం పన్నెండుకు పూడింది. ఈ సోమవారం ఇరవై దాటినా గుంట అట్లాగే ఉంది.

"ఎంత?" అంది కుళ్ళాయమ్మ.

"తక్కువే."

ఆమె నమ్మలేదు. నమ్మలేదని చెప్పడానికి కూడా ఊపిరి చాలక కళ్ళు మూసుకుంది. హిందూపురం ఆసుపత్రిలో డయాలసిస్ గది అది. పదకొండు కుర్చీలు, పదకొండు మిషన్లు. ధర్మవరంలో కుర్చీ ఖాళీ లేదని రెండేళ్ళ కిందట ఈడకు రాసిచ్చారు. అప్పటినుంచి సోమ, బుధ, శుక్రవారాలు మొగుడూ పెండ్లాం రైలెక్కుతున్నారు. కుళ్ళాయమ్మ ఎడమ చేతిలో గుచ్చిన రెండు గొట్టాల్లో రక్తం పోతూ వస్తూ ఉంది. ఓబుళప్ప దాన్ని చూడడు. పాదాల దగ్గర స్టూలేసుకుని కూర్చుంటాడు.

నర్సు భారతి వచ్చి బరువు రాసిన కాగితం చూసింది. మూడున్నర కిలోలు నీళ్ళు చేరాయని, ఒక్క పూటలో అంతా లాగితే గుండె తట్టుకోదని, రెండున్నర మాత్రం తీస్తానని చెప్పింది. మిగిలిన కిలో సంగతి ఏమని ఓబుళప్ప అడిగాడు. శుక్రవారం చూద్దామంది.

"బుధవారం తీయండి సిస్టరమ్మా."

భారతి గోడ వైపు చెయ్యి చూపించింది. అక్కడ లిస్టు అంటించి ఉంది. దినమూ సాయంత్రం ఆరింటికి పెనుకొండ నుంచి వస్తుంది. ముందు అందరికీ వారానికి మూడు దినాలే. ఈ నెల నుంచి రక్తం రిపోర్టు చూసి కంప్యూటరే దినాలు వేస్తోంది. రక్తం బాగున్నవాళ్ళకు రెండు, బాగలేనివాళ్ళకు మూడు. మిగిలిన కుర్చీ కొత్తవాళ్ళకు. లిస్టులో కుళ్ళాయమ్మ పేరు, 318 నంబరు, పొటాషియం 4.6, పక్కన 2 అని ఉంది.

"కార్డు మీద 318, లిస్టులో 318. ఇంగ నాకేం దారి ఉండాది పెద్దాయనా? నంబరు కలవకపోతే లిస్టు పట్టించుకోవద్దని మాకు రూలు. పాత దినాలే నడుపుతాం. కలిసిందంటే లిస్టు చెప్పినట్ల చేయాల్సిందే. డాక్టరు సారు కూడా ఆ 4.6 చూసే సరే అన్నాడు."

నంబరు కలవకపోవడం నెల మొదట్లో జరిగిన సంగతి. కుళ్ళాయమ్మ కార్డు 318 అయితే లిస్టులో 317 అని పడింది. పక్క కుర్చీలో కూర్చునే షంషాద్‌బీది సరిగ్గా దానికి ఎదురు. కార్డు 317, లిస్టు 318. సరిచేయించుకోకపోతే వచ్చే నెల పేర్లే ఎగిరిపోతాయని భారతే భయపెట్టింది. పది దినాల కిందట ఓబుళప్ప రెండు కార్డులూ తీసుకుని పెనుకొండ పోయి సరిచేయించుకొచ్చాడు.

పక్క కుర్చీలోంచి షంషాద్‌బీ నవ్వింది. లేపాక్షి నుంచి ఒక్కతే బస్సులో వచ్చి పోతుంది. లిస్టులో ఆమె పొటాషియం 6.8, దినాలు మూడు.

"చూడన్నా, నాకు ఒళ్ళు బాగానే ఉండాది. అయినా మూడు దినాలూ రమ్మంటారు. లేపాక్షి బస్సు కండక్టరు నన్ను వాళ్ళింటి ఆడబిడ్డ అనుకుంటాండాడు. నా దినం ఒకటి అక్కకిస్తే తీసుకుంటారా అంటే, ఇదేమన్నా బొరుగుల పొట్లమా పంచుకునేదానికి అంటాది సిస్టరమ్మ."

భారతి నవ్వలేదు. ఓబుళప్పా నవ్వలేదు. కుళ్ళాయమ్మ మాత్రం కళ్ళు తెరవకుండానే పెదవి కొంచెం కదిలించింది.

మధ్యాహ్నం రైల్లో ఆమె పడుకోలేకపోయింది. పడుకుంటే ఎవరో రొమ్ము మీద కూర్చున్నట్టు ఉందంటుంది. కిటికీ చువ్వలకు నుదురు ఆనించి కూర్చుంది. చువ్వల గుర్తులు నుదుటి మీద పడ్డాయి. పెనుకొండ దాటాక కూడా ఆ గీతలు పోలేదు.

*

ఇంటికొచ్చి ఆమెను గోడకు మూడు దిండ్లు వేసి కూర్చోబెట్టి, ఓబుళప్ప మగ్గం గుంటలోకి దిగాడు. సాయంత్రం వెలుతురు ఇంకా ఉంది. చీర పది దినాలుగా మూరెడు సాగలేదు. నేతకు దారం కండెలు చుట్టేది కుళ్ళాయమ్మే. ఇప్పుడు అవి కూడా అతనే చుట్టుకుని, అతనే నేయాలి.

నాలుగు వేళ్ళ మేర నేశాక చెయ్యి ఆపాడు. కుడి అంచులో మామిడిపిందె కొన దగ్గర ఒక జరీ పోగు లేవలేదు. వంగి ఎడమ అంచు చూశాడు. అక్కడ అదే పిందె చక్కగా ఉంది.

మగ్గం చప్పుడు ఆగిందని కుళ్ళాయమ్మకు తెలిసింది.

"అట్టా, దారమా?" అంది.

"దారం."

వాళ్ళ మధ్య అంతకంటే మాటలు అక్కర్లేదు. మగ్గం పైన డిజైను అట్టలు వరసగా దండ కుట్టి వేలాడుతుంటాయి. అట్టలో రంధ్రం ఉన్నచోట పైన కొక్కెం లేస్తుంది. ఒక్కో కొక్కేనికి రెండు దారాలు కట్టి ఉంటాయి. ఒకటి కుడి అంచుకు దిగుతుంది, ఒకటి ఎడమ అంచుకు. కొక్కెం ఒక్కటి లేస్తే రెండు అంచుల్లోనూ పోగు లేస్తుంది. అందుకే రెండు వైపులా ఒకే తప్పు పడితే అట్ట చూడాలి. ఒక వైపే పడితే అట్ట జోలికి పోకూడదు, దారం చూడాలి. కొత్తగా మగ్గం ఎక్కిన రోజుల్లో అతను ఇది తెలియక, కుడి అంచు తప్పుకు అట్టకు రంధ్రం కొట్టాడు. కుడి అంచు బాగుపడలేదు. బాగున్న ఎడమ అంచు చెడింది. నాయన కొట్టలేదు. ఆ చీర ముక్కను చాన్నాళ్ళు వాకిట్లో దండెం మీద వేలాడదీశాడు, వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ చూసేట్టు.

ఓబుళప్ప బల్ల ఎక్కి దారాల్లో వేళ్ళు పెట్టి ఒక్కొక్కటే లాగి చూశాడు. తెగింది దొరికింది. ముడి వేశాడు. ముడితో పని అయిపోలేదు. తప్పు నేత నాలుగు వేళ్ళ కింద ఉండిపోయింది. మళ్ళీ గుంటలో దిగి, అట్టల్ని వెనక్కి తిప్పుతూ, అడ్డం నేసిన పేక పోగు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. తప్పు ఉన్నచోటికి పోవాలంటే దాని మీద నేసిన బాగున్నదంతా విప్పాలి. అడ్డదారి లేదు. ఇదివరకు అతను విప్పుతుంటే కుళ్ళాయమ్మ పక్కన కూర్చుని, పోగు చిక్కుపడకుండా చుట్టుకునేది. ఇప్పుడు దిండ్లకు ఆనుకుని చూస్తూ ఉంది.

"బుధవారం లేదంటనా?" అంది.

"పెనుకొండ పోయొస్తా రేపు."

"పోయినసారి పోయొస్తివి కదా."

పోగు విప్పుతూ పోయాడు. పోయిన వారం సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆమె ఎట్లా ఉండిందో ఇద్దరికీ తెలుసు. గురువారం పొద్దున నోట్లో నురగ వచ్చింది. ఈ వారం ఆ గురువారం మళ్ళీ వస్తుంది. ఈసారి మొదలే ఒక కిలో నీళ్ళు ఒంట్లో మిగిలి ఉన్నాయి.

*

పెనుకొండలో లిస్టు ఆఫీసు ఎరువుల అంగడి పైన ఉంటుంది. మెట్లెక్కితే యూరియా వాసన వెంట వస్తుంది. మూడు టేబుళ్ళు, రెండు ఖాళీ. మూడోదాని దగ్గర సౌమ్య అనే పిల్ల కూర్చుంటుంది. ఇరవై నాలుగో, ఇరవై ఐదో ఉంటాయి. లిస్టు చేసేది ఆ పిల్లే. ఆమె పైన వేణుమాధవ్ అనే సారు ఉన్నాడట. ఆయన ఇక్కడ ఉండడు, ఫోన్లో ఉంటాడు. పోయినసారి ఓబుళప్ప పట్టు రవికె గుడ్డ తెచ్చి, ఆమె వద్దు వద్దంటున్నా బల్ల మీద పెట్టి పోయాడు. ఆ గుడ్డను ఆమె కంప్యూటరు మీటలకు దుమ్ము పడకుండా కప్పుకుంటోంది.

ధర్మవరంలో పక్కింటామెను కుళ్ళాయమ్మ దగ్గర ఉంచి, వండిపెట్టి, బయలుదేరేసరికే పొద్దు ఎక్కింది. ఇక్కడికి వచ్చేసరికి సౌమ్య అన్నానికి పోయిందని కింద అంగడిలో చెప్పారు. మెట్ల మీద కూర్చున్నాడు. ఆమె వచ్చేసరికి మూడు దాటింది.

"తాతా, మళ్ళీ వచ్చినారే. సరిచేసినా కదా."

ఓబుళప్ప కార్డు బల్ల మీద పెట్టాడు. "నంబరు సరిపోయింది పాపా. మనిషి సరిపోలేదు."

ఆమె కంప్యూటరులో చూసింది. 318, కుళ్ళాయమ్మ, పొటాషియం 4.6. ఇంత మంచి రిపోర్టు లిస్టులో తక్కువమందికి ఉందని చెప్పింది. ఓబుళప్ప తన చొక్కా చేతులు పైకి తోసి, తన ముంజేతి మీద బొటనవేలు పెట్టి నొక్కి చూపించాడు. మామూలుగా అయితే ఇట్లా లేచి వస్తుందని, ఆమెకు ఇరవై లెక్కబెట్టినా లేవడం లేదని చెప్పాడు. ఆ రక్తం ఆమెది కాదన్నాడు.

సౌమ్య వేణుమాధవ్ సారుకు ఫోన్ చేసింది. లౌడు స్పీకరు పెట్టలేదు కానీ ఆయన గొంతు వినబడుతూనే ఉంది. కార్డు నంబరు, లిస్టు నంబరు కలిశాక తప్పు ఎక్కడుందని ఆయన అడిగాడు. అనుమానం ఉంటే ఆసుపత్రి నుంచి ఫారం, కార్డుల కాపీలు పెట్టి పంపమన్నాడు. పది దినాల్లో చూస్తారట. ఇంకో మాట కూడా అన్నాడు. ఈ నెలలో ఎవరో అనుమతి లేకుండా నంబర్లు కదిలించినట్టు పైన గుర్తుపట్టారని, ఎవరో తేలితే ఇంటికి పంపుతారని. సౌమ్య ఆ మాటకు సరే సార్ అంది. ఫోన్ పెట్టేసి రవికె గుడ్డను నాలుగు మడతలు పెట్టింది, మళ్ళీ విప్పింది.

ఓబుళప్ప కదలలేదు. పోయినసారి కూడా ఇట్లాగే నిలబడ్డాడు. పది దినాలు పడుతుందని ఆమె అంటే, బస్సుకు టైమైంది, ఇప్పుడే చేసేయి తల్లీ, మళ్ళీ రాలేనని చేతులు జోడించాడు. ఆమె చేసిపెట్టింది.

"కూర్చోండి తాతా," అంది సౌమ్య. "ఒకసారి లోపల చూస్తా."

ఆమె చెబుతూ చేసింది. చేస్తూ చెప్పింది. లోపల రెండు పట్టికలు ఉన్నాయి. ఒకటి పేర్లది, ఒకటి రక్తానిది. రెండింటికీ ఎడమ చివర నంబర్ల వరస ఉంది. దాన్ని ఇండెక్స్ అంటారట. పేరు దగ్గర ఏ నంబరు ఉందో చూసుకుని, అదే నంబరు రక్తం పట్టికలో ఎక్కడుందో వెతికి, కంప్యూటరు రెండింటినీ కలుపుతుంది. రక్తం సీసా మీద ఆసుపత్రిలో రాసేది కార్డు నంబరు. కాబట్టి రక్తం పట్టిక మొదటి నుంచీ సరిగ్గానే ఉండాలి. పేర్లు ఎక్కించినప్పుడే ఎవరో ఇద్దరినీ తారుమారు చేశారు. అందుకని తాను పేర్ల వైపు నంబర్లను మాత్రమే అటూ ఇటూ మార్చానని చెప్పింది.

"ఆ పొద్దు కంప్యూటరు ఒప్పుకోలేదు తాతా. ఇండెక్స్‌లో నంబరు మార్చకూడదని ఎర్ర అక్షరాల్లో చెప్పింది. మీరేమో నిలబడుకోని ఉండారు. ఇండెక్స్ కింద, మెమరీలో ఉండే అంకెల్నే పట్టుకోని నేరుగా మార్చేసినా."

ఇప్పుడు ఆ మెమరీనే చూడాలంది. మొదట రెండు ఇండెక్సులు ఎంత చోటు తీసుకున్నాయో అడిగింది. పేర్లది 3296 అని వచ్చింది. రక్తానిది 3296 అని వచ్చింది. నాలుగు వందల పన్నెండు మంది, ఒక్కో నంబరుకు ఎనిమిది బైట్లు, లెక్క సరిపోయిందని గొణుక్కుంది. ఆమె మొహంలో కొంచెం ధైర్యం వచ్చింది. రెండు వరసలు, రెండు చోట్లు. మరి తప్పు యాడుందో అని పెదవి కొరుక్కుంది.

తరువాత ఒక్కో వరస మెమరీలో ఎక్కడ మొదలవుతుందో అడిగింది. పొడుగాటి నంబరు ఒకటి వచ్చింది. దాని కింద ఇంకొకటి. పదిహేనేసి అంకెలు. సౌమ్య ఇంకేదో టైపు చేస్తోంది. ఓబుళప్ప చదివింది మూడో తరగతి, అది కూడా సగం. అక్షరాలు కూడబలుక్కోవాలి కానీ అంకెలు తడబడడు. మగ్గం మీద పోగులు లెక్కబెట్టినవాడు. స్టూలు ముందుకు జరుపుకుని, తెర మీద వేలు పెట్టి, పైనుంచి కిందికి ఒక్కో అంకె పోల్చుకుంటూ పోయాడు. చివరి దాకా పోయాడు.

"ఒకే నంబరు రెండుసార్లు ఏంటికి రాసినావు పాపా?"

సౌమ్య చేతులు మీటల మీద ఆగిపోయాయి. ఆమె కూడా వేలు పెట్టి చదివింది. తరువాత కంప్యూటరును ఇంకొక మాట అడిగింది. ఈ రెండూ ఒకే మెమరీని పంచుకుంటున్నాయా అని. ట్రూ అని వచ్చింది.

"ఒకటే," అంది. "రెండు వరసలు అనుకున్నా. పట్టికలు రెండు, నంబర్ల వరస ఒకటే. పేరుకు రెండు, ఉండేది ఒకే చోట. చోటు ఎంత అని అడిగితే రెండూ దాన్నే చూపిస్తాండాయి."

ఓబుళప్ప భుజం మీది తువ్వాలు తీశాడు. కొంగు నుంచి రెండు పోగులు లాగి, రెండు కొసలూ కలిపి చూపుడువేలికి చుట్టాడు. మిగతా కొసలు ఒకటి ఇటు, ఒకటి అటు వేలాడాయి. వేలు పైకెత్తాడు. రెండు పోగులూ లేచాయి.

"కొక్కెం ఒకటి. అంచులు రెండు. నువ్వు కుడి అంచు బాగు చేయాలని అట్టకు రంధ్రం కొట్టినావు."

సౌమ్యకు మగ్గం సంగతి తెలియదు. వేలును చూస్తే అర్థమైంది. తల ఊపింది. ఆమె పేర్ల వైపు మార్చినప్పుడే రక్తం వైపూ మారింది. కుళ్ళాయమ్మ 318 అయింది. షంషాద్‌బీ రక్తం కూడా అదే నిమిషంలో 318 అయింది. రెండూ కలిసి తిరిగాయి కాబట్టి తప్పు ఎక్కడిదక్కడే ఉంది. కార్డు నంబరు మాత్రం కలిసిపోయింది. 6.8 కుళ్ళాయమ్మది. 4.6 షంషాద్‌బీది.

"ఎంత చెడ్డది 6.8?" అని అడిగాడు.

ఆమె ఇండెక్స్ ఎట్లా కట్టాలో ఎర్రటి కళ్ళతో చెప్పడం మొదలుపెట్టింది. పేర్లకు వేరే నంబర్ల వరస, వేరే చోట, కొత్తగా కట్టాలి. అప్పుడు పేర్ల వైపు మార్చితే రక్తం వైపు కదలదు. చేయడం రెండు నిమిషాల పని. కానీ పైన చెకింగులో రెండు వరసలు ఒకదానికొకటి సరిపోయాయా అని చూస్తారు. తేడా వస్తే ఆ పూట లిస్టే ఆగిపోతుంది, నాలుగు వందల పన్నెండు మందికీ. పోయినసారి ఆమె మార్పు ఆ చెకింగులో ఆగకుండా పోయిందంటే రెండూ ఒకటే కాబట్టే. అనుమతి లేకుండా వేరు చేయడం కుదరదు. పది దినాలు.

పది దినాలు అన్న మాట ఓబుళప్ప విన్నాడు. లేచి కిటికీ దగ్గరకు పోయాడు. కింద బస్సు నిలబడి జనాన్ని ఎక్కించుకుంటోంది. కండక్టరు ధర్మవరం ధర్మవరం అని అరుస్తున్నాడు. పది దినాల్లో ఎన్ని గురువారాలు వస్తాయో లెక్కబెట్టాడు. ఒకటి ఎల్లుండి. ఇంకొకటి ఆ తరువాతి వారం. రెండో దాని దాకా లెక్క అక్కర్లేదనిపించింది. బస్సు కదిలి పోయింది. అతను అట్లాగే నిలబడ్డాడు.

వెనక సౌమ్య ముక్కు తుడుచుకుంటున్న శబ్దం వినిపించింది. సారుకు తానే చెప్పేస్తానని, ఉద్యోగం పోతే పోనీ అని ఏదో అంటోంది. దానివల్ల కుర్చీ రాదు. ఓబుళప్పకు ఆ పిల్ల మీద కోపం రాలేదు. వస్తే బాగుండేది. చేతులు జోడించింది తానే.

అప్పుడు నిన్న సాయంత్రం విప్పిన నాలుగు వేళ్ళ నేత గుర్తొచ్చింది. భారతి అన్న మాట కూడా, ఆలస్యంగా, ఒక్కో పోగుగా గుర్తొచ్చింది. నంబరు కలవకపోతే పాత దినాలే నడుపుతాం.

"పాపా. నేను రాకముందు నంబరు తప్పుగా ఉండె కదా."

"ఊ."

"అప్పుడు మా ఆమెకు మూడు దినాలు ఇస్తాండ్రి."

సౌమ్య తల ఎత్తింది.

"నేను వచ్చి సరిచేయించుకున్నాకే ఒక దినం పోయింది," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. కుడి చెయ్యి మాత్రం కిటికీ చువ్వను పట్టుకుని ఉంది. "ఆ తప్పు మళ్ళీ పెడతావా?"

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. ఆమె తనలో తానే మాట్లాడుకుంది. మొదట ఉన్నదాన్ని మళ్ళీ అట్లాగే పెడితే దానికి అనుమతి అక్కర్లేదు, అది పైన ఒప్పుకున్నదే. రెండూ కలిసే వెనక్కి తిరుగుతాయి, చెకింగులో తేడా రాదు. లిస్టులో కుళ్ళాయమ్మ మళ్ళీ 317 అవుతుంది. కార్డు 318. కలవదు. షంషాద్‌బీది కూడా కలవదు.

"కానీ అది తప్పు కదా తాతా."

"తప్పే. కంటికి కనపడతాది."

గోడ గడియారంలో అయిదూ నలభై. సౌమ్య ముక్కు తుడుచుకుని మీటల మీద చేతులు పెట్టింది. రెండే రెండు అంకెలు. 318 ఉన్నచోట 317, 317 ఉన్నచోట 318. తరువాత ఏం మార్చారో, ఎందుకు మార్చారో రాయమని ఒక గడి వచ్చింది. అందులో ఏదైనా రాయొచ్చట. ఆమె కొంచెంసేపు చూసి, టైపు చేసి, అతనికి చదివి వినిపించింది. పద్నాలుగో తేదీన అనుమతి లేకుండా నేను చేసిన మార్పును వెనక్కి తీస్తున్నాను అని, కింద పేరు. అట్లా రాయకపోతే ఏమని ఓబుళప్ప అడిగాడు. రాయకపోతే ఫారం పంపినప్పుడు ఎవరూ నమ్మరంది. ఫారానికి రెండు కార్డులూ కావాలంది.

కిందికి దిగుతుంటే ఎరువుల అంగడివాడు షట్టరు సగం దించుతున్నాడు. రవికె గుడ్డ మళ్ళీ మీటల మీద కప్పి ఉండడం ఓబుళప్ప చూసే వచ్చాడు.

*

బుధవారం పొద్దున స్టేషను దాకా కుళ్ళాయమ్మ నడవలేకపోయింది. ఆటో పిలిచాడు. రైల్లో ముందుకు వంగి, మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని, ఊపిరి ఒక్కొక్కటే కొనుక్కుంటున్నట్టు తీసుకుంది. ఈ పొద్దు మనది కాదు కదా అని ఒక్కసారి అడిగింది. అతను నీళ్ళ సీసా మూత తడిపి ఆమె పెదవులకు పెట్టాడు. అంతకంటే తాగకూడదు.

ఆసుపత్రిలో లిస్టు దగ్గర నలుగురు మూగి ఉన్నారు. వాళ్ళ భుజాల మీదుగా చూశాడు. బుధవారం పేర్లలో కుళ్ళాయమ్మ లేదు. పక్కన పెద్ద లిస్టులో ఉంది. 317.

భారతి చేతినిండా గొట్టాలు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది. అతన్ని చూసి, ఆగకుండానే, ఈ పొద్దు మీది కాదని చెప్పాను కదా అంది. అతను కార్డు చాపాడు. ఆమె దాటి పోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ చాపాడు. అడ్డం తప్పుకోమంది. మూడోసారి ఆమె దారిలోనే నిలబడ్డాడు. ఇరవై నాలుగు నెలల్లో ఆ పని ఎప్పుడూ చేయలేదు.

"నంబరు చూడమ్మా. కలవలేదు."

ఆమె కార్డు చూసింది. లిస్టు చూసింది. గొట్టాలు ట్రేలో పెట్టింది.

"సరిచేయించుకోని రమ్మంటే మళ్ళీ తప్పే తెచ్చినావే. నీకింకేం పనిలేదా పెద్దాయనా?"

"తప్పేనమ్మా."

ఆమె అతని మొహం వైపు, బెంచీ మీద వంగి కూర్చున్న కుళ్ళాయమ్మ వైపు చూసింది. నంబరు తేలేదాకా పాత దినాలే అని లిస్టు మీద పెన్నుతో రాసి సంతకం పెట్టింది. కానీ పొద్దున కుర్చీలన్నీ నిండాయి. మధ్యాహ్నం రెండింటికి ఒకటి ఖాళీ అవుతుందట. ఇంకా అయిదు గంటలు. ఓబుళప్ప సరేనన్నాడు. కుళ్ళాయమ్మ గోళ్ళ వైపు చూశాడు. నీలంగా ఉన్నాయి.

షంషాద్‌బీ అప్పుడే వచ్చి చెప్పులు విడిచి తన కుర్చీలో కూర్చోబోతోంది. కుళ్ళాయమ్మ ఊపిరి ఆ మూల దాకా వినబడుతోంది. ఆమె నిలబడిపోయింది.

"అక్కను ఈడ కూర్చోబెట్టు సిస్టరమ్మా. నేను రెండు గంటలకు ఎక్కుతా. నాకేం తొందర, ఆ కండక్టరు యాడికి పోతాడు."

గొట్టాలు తగిలించి మిషన్ తిప్పేదాకా ఓబుళప్ప గోడవైపు తిరిగి నిలబడ్డాడు. తరువాత బెంచీ దగ్గరకు వచ్చి, షంషాద్‌బీకి కొంచెం ఎడంగా కూర్చున్నాడు. తువ్వాలు మడిచాడు, విప్పాడు. పెనుకొండలో తెలిసింది చెప్పడం మొదలుపెట్టాడు. అంత పొడుగు మాట అతను ఈ మధ్యకాలంలో మాట్లాడలేదు. నంబర్లు రెండు చోట్లా కలిసే తిరిగాయని, బాగున్న రక్తం ఆమెదని, బాగలేనిది కుళ్ళాయమ్మదని, ఫారం పోతే అది సరి అవుతుందని చెప్పాడు. చివరకు వచ్చేసరికి ఆగాడు.

"సరి అయితే నీకు ఒక దినం పోతాదమ్మా. రెండే వస్తాయి. ఫారానికి నీ కార్డు కావాలంట. ఇయ్యనంటే ఇయ్యొద్దు."

షంషాద్‌బీ నవ్వలేదు. బస్సు మాట ఎత్తలేదు. సోమవారం ఒక దినం ఇస్తానన్నప్పుడు తీసుకునేవాళ్ళు లేరు. ఇప్పుడు ఉన్నారు. కుర్చీలో కుళ్ళాయమ్మ తల పక్కకు వాలి ఉంది. షంషాద్‌బీ ఆ మొహాన్ని చూసింది. తరువాత వంగి, చీర అంచు కొంచెం పైకి జరిపి, తన పాదం మీద తన బొటనవేలు ఆనించి నొక్కింది. ఓబుళప్ప చేసేది ఆమె రెండేళ్ళుగా చూస్తోంది. వేలు తీసింది. చర్మం వెంటనే లేచి వచ్చింది. ఇంకోసారి నొక్కింది. మళ్ళీ లేచింది. మూడోసారి, గట్టిగా, గోరు దిగేట్టు నొక్కింది.

సంచిలోంచి కార్డు తీసి బెంచీ మీద, ఇద్దరి మధ్యా పెట్టింది.

"నాకు మళ్ళీ వాపొస్తే?"

"వస్తే చెప్పు. పెనుకొండ పోతా."

ఓబుళప్ప కార్డు తీసుకుని కుళ్ళాయమ్మ కార్డు ఉన్న జేబులోనే పెట్టుకున్నాడు. లేచి స్టూలు లాక్కుని కుళ్ళాయమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. మిషన్ తిరుగుతోంది. ఆమె కళ్ళు మూసుకునే ఉంది. పాదం మీద బొటనవేలు ఆనించి నొక్కాడు. వేలు తీశాడు. ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టాడు. ఇరవై వచ్చింది. ముప్పై వచ్చింది. ఆపకుండా లెక్కబెడుతూ కూర్చున్నాడు.